మబ్బు పట్టిన మంగళవారం

మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడితే పక్క చాయ్ హోటల్ టీవీలోంచి రాకెట్ గర్జన వినిపించింది. బల్ల మీది గ్లాసులు సన్నగా అదిరాయి. సైన్యం కోసం పంపిన ఉపగ్రహమట, అది ఏం పని చేస్తుందో చెప్పరట. గొంతు తగ్గించి చెబుతున్న ఆ వార్తలమ్మాయిని చూస్తే నాకు నవ్వొచ్చింది. అలాంటి రహస్యాలను మేము చేవెళ్లలో ఒక మిద్దె మీద గోనెసంచులు పరుచుకుని చూశాం. చూపించింది మా లెక్కల సారు దేవదానం గారు.

అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. సారు మాత్రం పాఠం మానలేదు, పొద్దుగూకే వేళ మమ్మల్ని తన మిద్దె మీదికి పిలిచేవారు. పెద్ద దేశాల సైన్యాలు చడీచప్పుడు లేకుండా పంపిన ఉపగ్రహాలు ఆ వేళలో కదిలే చుక్కల్లా పోయేవి. ఏ దిక్కున ఎన్నింటికి కనిపించిందో నోటుబుక్కులో రాసి, దాని టైము రోజుకు ఎన్ని నిమిషాలు జరుగుతోందో చూసి, రేపు ఎప్పుడొస్తుందో చెప్పాలి. అదే మా లెక్కల క్లాసు.

"పేపర్ల రానిది మనకెట్ల తెలుస్తది సార్?" అని అడిగాను ఒకరోజు.

"దాచిపెట్టినోళ్లు ఆకాశాన్ని దాచలేరు గదా బిడ్డా. చూసింది రాయి. చూడనిది రాయకు. గంతే."

ఆ నోటుబుక్కే ఆయన మీదికి ముప్పు తెచ్చింది. టైములు, దిక్కులు, బాణం గుర్తులు చూసి ఎవరో అది ఉద్యమం కోసం బస్సులు ఆపే పథకమని పోలీసులకు చెప్పారు. ఒక సాయంత్రం పోలీసు జీపు వచ్చింది.

"ఉపగ్రహాలా? ఎవరికి చెప్తున్నవ్ సార్?" అన్నాడు ఎస్సై పుస్తకం తిరగేస్తూ.

"ఇయ్యాల ఏడుంబావుకు ఒకటొస్తది. జర ఆగి చూడుండ్రి. రాకుంటే నేనే జీపెక్కుత," అన్నారు సారు.

ఏడుంబావు అయింది. ఏడూ ఇరవై అయింది. చుక్క రాలేదు. సారు భార్య లోపలికి వెళ్లి, రాత్రి ఠాణాలో కప్పుకోవడానికని ఒక దుప్పటి తెచ్చి ఆయన చేతికిచ్చింది. నా కాళ్లు వణికాయి, ఎందుకంటే తప్పెక్కడుందో నాకే తెలుసు. మంగళవారం చూడడం నా వంతు. ఆ రోజు మబ్బు పట్టింది. గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఒక టైము ఊహించి రాసేశాను.

"సార్, మంగళారం నేను చూడలే. మబ్బుండె. అబద్ధం రాసిన," అన్నాను ఏడుస్తూ.

సారు పుస్తకంలో ఆ టైము కొట్టేసి, జీపు బానెట్ మీదే మళ్లీ లెక్క వేశారు. "ఏడూ ఇరవై ఆరు."

"గంతవరకే ఆగుత," అన్నాడు ఎస్సై గడియారం చూసుకుని.

సరిగ్గా ఆ నిమిషానికి నైరుతి నుంచి ఒక చుక్క లేచి, చర్చి మీదుగా తాపీగా సాగిపోయింది. ఎస్సై టోపీ తీసి, మెడ వెనక్కి వంచి, మాయమయ్యేదాకా చూశాడు.

"గిది ఎవరిది?"

"తెల్వదు. తెలిసినంతే రాసినం," అన్నారు సారు. ఎస్సై పుస్తకం ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నేను తలెత్తలేదు. సారు పెన్ను నా చేతికిచ్చారు. "మబ్బు, కనపడలేదు అని రాయి. గదీ లెక్కనే బిడ్డా."

తర్వాత ముప్పై ఏళ్లు ఒక జలాశయం దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం చేశాను. కొలవని రోజుల గళ్లు నింపమని పై అధికారులు కసిరారు, బదిలీ చేశారు. వెళ్లాను గానీ నింపలేదు. ధైర్యవంతురాలినని అందరూ అనుకున్నారు. ఖాళీ గడి నింపమని ఎవరైనా అంటే ఈనాటికీ నా కాళ్లు వణుకుతాయి. వణుకుతూనే, నింపనంటాను.