లేని తీర్పు కోసం ఇద్దరు జూనియర్లు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే అవి నిన్నమొన్నటి రోజులే. నా నల్లకోటుకు కొత్తబట్ట వాసన ఇంకా పోలేదు, అంతలోనే ఫోన్‌లోకి అడిగిందల్లా రాసిపెట్టే ఏఐ వచ్చేసింది. చిత్తూరు కోర్టులో నాలాంటి జూనియర్లకు దాన్ని చూస్తే ఒళ్లు పులకరించేది. (సీనియర్లకు ఒళ్లు మండేది.) మా సీనియర్‌కు ఒక పట్టింపు ఉండేది. ఏ పాత తీర్పునైనా కోర్టులో చూపే ముందు జూనియర్ అది అచ్చయిన పుస్తకం తెచ్చి, ఆయన ఎదుట నిలబడి, మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. నిద్రపోయారనుకుని ఒక పేరా దాటేస్తే, “ఆ పేరా ఏం పాపం చేసిందబ్బా?” అనేవారు.

ఆయన మోకాలి నొప్పితో ఇంట్లో ఉండిపోయిన వారంలో పాలక్క కేసు నా చేతికొచ్చింది. పక్క పల్లెలో ఆవులు పెట్టుకుని పాలు పోసే ఆవిడను మేం అలాగే పిలిచేవాళ్లం. పొలం పక్కతను ఆమె కొట్టం బాటకు అడ్డంగా కంచె వేశాడు. చుట్టూ తిరిగి క్యాన్లు మోసుకొచ్చేలోగా పాలవ్యాను వెళ్లిపోతోంది. “పాలు ఇరిగిపోతాండాయి సామీ, ఆ కంచె తీయిస్తే సాలు,” అంది. “నువ్వు నిశ్చింతగా ఉండక్కా,” అని, ఆమె ఇంటి గొడవలన్నీ పేర్లతో సహా ఏఐకి పూసగుచ్చినట్టు చెప్పేశాను. (అలా చెప్పకూడదని తట్టనే లేదు.) క్షణంలో ఒక తీర్పు చూపింది. అబ్బ! అందులోనూ ఆవులు, కంచె, బాట, చివరికి పాల క్యాన్లు కూడా! “ఇది నిజమైనదేనా?” అని అడిగాను. “నిస్సందేహంగా,” అంది. ముద్దాయినే పిలిచి సాక్ష్యం చెప్పించుకుని మురిసిపోయిన లాయరును నేనే. సీనియర్‌కు ఫోన్ చేశాను. “పుస్తకం చదివినావా?” అన్నారు. “చదివినా సార్,” అన్నాను.

విచారణ రోజు అవతలి పక్షాన నిలబడింది తిరుపతిలో నాతో లా చదివినవాడే, కాలేజీలో వాణ్ణి స్టయిలుగాడు అనేవాళ్లం. నేను నా తీర్పు వినిపించాను. గొంతు హాలంతా మోగింది. వెంటనే వాడు లేచి, అచ్చం అలాంటి ఆవులూ కంచే ఉన్న ఇంకో తీర్పు వినిపించాడు. అందులో ఆవులు ఓడిపోయాయి. జడ్జిగారు కళ్లజోడు తీసి మమ్మల్ని మార్చి మార్చి చూశారు. “రెండు పుస్తకాలూ తెండి. భోజనం తర్వాత చూస్తాను.”

బార్ లైబ్రరీకి పరుగెత్తాను. ఏఐ చెప్పిన సంపుటం ఉంది, అది చెప్పిన పేజీలో మాత్రం ఎవరిదో ఇన్‌కంటాక్స్ గొడవ. బీరువా అవతల ఎవరో చెమటలు కక్కుతూ పేజీలు తిప్పుతున్నారు. స్టయిలుగాడు!

“యాడుండాదిరా నీది?” అన్నాను.

“నీది యాడుండాదో ముందు సెప్పు.”

“ఈడ లేదురా.”

“నాదీ లేదప్పా!”

ఫోన్లు తీసి చూసుకున్నాం. ఒకటే ఏఐ! నా దగ్గర ఆవుల్ని గెలిపించి, వాడి దగ్గర ఓడించింది. పడీ పడీ నవ్వాం, జడ్జిగారు గుర్తొచ్చేదాకా. “వాయిదా అడుగుదాం, ఎవురికీ తెలీదు,” అన్నాడు వాడు. సరేనని బయటికొస్తే వరండాలో పాలక్క. “సాయంత్రం పాలకు బాట ఉంటాదా సామీ?”

ఆ మాట విన్నాక వాయిదా అడగబుద్ధి కాలేదు. కోర్టులో నిలబడి, “ఆ తీర్పు లేదండీ. ఉందో లేదో నేను చూడలేదు,” అన్నాను. స్టయిలుగాడూ తలవంచుకుని లేచి, తనదీ లేదన్నాడు. “తీర్పులు సరే. ఆ బాటనైనా వెళ్లి చూశావా?” అన్నారు జడ్జిగారు. అదీ చూడలేదు. ఇద్దరినీ కడిగేసి, కేసు తర్వాతి వారానికి వేశారు.

జరిగింది పాలక్కకు చెప్పాను. “సూడకుండానే సూసినానంటివా?” అంది. కోప్పడలేదు. “అట్లయితే బాట వచ్చేదాకా క్యాన్లు నువ్వే మొయ్ సామీ.”

మోశాను. నా బండికి చెరో పక్క క్యాను కట్టుకుని, తెల్లకాలరుతో, రోజూ చుట్టు తిరిగి వ్యాను దగ్గరికి. (మలుపులో ఒకసారి సగం పాలు నా కోటే తాగేసింది.) అలా తిరుగుతుంటే కంచె కింద పాత బండిచక్రాల జాడలు కనిపించాయి, అది ఎప్పటినుంచో ఉన్న బాటేననడానికి ఫొటోలు తీశాను. నిజమైన తీర్పు వెతికి, సీనియర్ ఎదుట ఒక్క పేరా దాటకుండా చదివాను. తర్వాతి విచారణలో కంచె తీయమన్నారు. మొదటి క్యాను ఆ బాటన నేనే పట్టుకెళ్తానంటే, “వద్దులే సామీ, నువ్వు ఒలకబోస్తావు,” అంది పాలక్క.

ఏఐని ఇప్పటికీ వాడతాను, పేర్లు తీసేసి. అది చూపిన ప్రతి తీర్పునూ పుస్తకం తెరిచి గట్టిగా చదువుతాను. నిస్సందేహంగా ఫోన్ పట్టుకుని మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ కోటు ఇంకా నా దగ్గరే ఉంది. వానాకాలంలో తీస్తే, ఎన్నిసార్లు ఉతికించినా, సన్నగా పాల వాసన.