కారు ఆగితే వచ్చేదెవరు?

ఆనందపురం కూడలి దాటి ఆరు కిలోమీటర్లు వెళ్లాక నా కారు డాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం వెలిగింది. మరో నిమిషానికి ఉష్ణోగ్రత ముల్లు పైకి లేవసాగింది. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి జరిగితే దానికి అర్థం ఒక్కటే: ఇంజను ముందుండే బెల్టు తెగింది, బ్యాటరీని నింపే ఆల్టర్నేటరూ, ఇంజనును చల్లబరిచే నీటి పంపూ తిరగడం మానేశాయి. ఇంకొక్క కిలోమీటరుకు ఆశపడితే ఇంజనే పోతుంది. రోడ్డు పక్కన ఆపి, హెచ్చరిక దీపాలు వేసి, డాష్‌బోర్డు అరలోంచి కార్డు తీశాను. కారు దారిలో మొరాయిస్తే సాయం పంపే కంపెనీ ఇచ్చిన కార్డు అది. దాని మీద 'ఇరవై నాలుగు గంటలూ, ఎక్కడైనా' అని అచ్చువేసి ఉంది.

ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగా పిన్‌కోడు అడిగింది. పక్కనున్న టీ బడ్డీలో కనుక్కుని చెప్పాను.

"సారీ మేడమ్, ఆ పిన్‌కోడు మా జాబితాలో లేదండి."

"ఎక్కడైనా అని రాశారు కదమ్మా?"

"ఎక్కడైనా అంటే, జాబితాలో ఎక్కడైనా అండి."

నా పని వేబ్రిడ్జిలను సరిచూడటం. సరుకుతో ఉన్న లారీని ఉన్నదున్నట్టుగా తూచే ఉక్కు వేదికలవి. పోర్టు రోడ్డు నుంచి ఆనందపురం అవతలి ధాన్యం మిల్లుల దాకా చాలా వాటి నిర్వహణ మా చిన్న సంస్థ చూస్తుంది. ఆ రోజు ఒక మిల్లులో కొత్తగా బిగించిన వేబ్రిడ్జికి ప్రభుత్వ ముద్ర పడాలి. పరీక్ష తూకాలు, అంటే బరువు ముందే తెలిసిన ఇనుప దిమ్మెలు, మోసే లారీ ముందే చేరుకుంది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు పది గంటలకే వచ్చారు. వేదికను సరిచూసి ఆయనకు చూపించాల్సిన నేను మాత్రం నా పరికరాల పెట్టెతో సహా రోడ్డు మీద ఉన్నాను. మధ్యాహ్నం దాకా చూసి ఆయన వెళ్లిపోయారు. ముద్ర లేని వేబ్రిడ్జి మీద బస్తా కూడా తూచకూడదు కనుక మిల్లు లారీలు మళ్లీ పాత పద్ధతిలో పక్క ఊరి తూకానికి మళ్లాయి. నేను నా కారును తాడుతో ట్రాక్టరుకు కట్టించి ఆనందపురం చేర్చి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

మర్నాడు మా యజమాని నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. పెద్దమనిషి, గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధించింది.

"అమ్మా, నీ పని మీద నాకు అనుమానం లేదు. నీ బండి మీదే అనుమానం. ఇలగ ఇంకోసారి అయితే మిల్లోళ్లు మనల్ని గుమ్మంలోకి రానియ్యరు. నువ్వు ఆఫీసులో కూకుని సర్టిఫికెట్లు సూసుకో. ఫీల్డుకి ఎవర్నో ఒకర్ని ఎతుకుదాం."

ఆ ఆఫీసులో అంతకుముందు ఆరేళ్లు సర్టిఫికెట్లే చూశాను. ఇతరులు రాసుకొచ్చిన అంకెలను శుభ్రంగా టైపు చేయించి సంతకానికి పంపడం ఆ పని. ఫీల్డు దక్కి ఏడాది కాలేదు. అంకె పుట్టే చోట నిలబడి చూడటం ఎలా ఉంటుందో ఒకసారి తెలిశాక మళ్లీ కాగితాల దగ్గరికి వెళ్లడం నా వల్ల కాదు.

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆ మిల్లుకే మళ్లీ నెలాఖరులో తేదీ వచ్చింది. ఆ రోజు పది గంటలకి నువ్వక్కడుంటే ఫీల్డు నీదే. లేకపోతే మరి మాటల్లేవు."

ఆ ఒక్క రోజుకూ ట్యాక్సీ మాట్లాడుకోవచ్చు. కాని ఫీల్డంటే ఒక్క రోజు కాదు. ప్రతి రోజూ ట్యాక్సీకి నా జీతం చాలదు, కొత్త కారు కొనే మాట అసలే లేదు. తొమ్మిదేళ్ల ఈ కారుతోనే, ఇది ఎక్కడాగినా గంటలో మనిషి వస్తాడన్న భరోసాతోనే నేను తిరగాలి. అలాంటి భరోసాను, మాకు అందే ధరలో, నెలలోపు వెతకాలి.

పాత కార్డును ఎలా ఎంచుకున్నామో ఇక్కడ చెప్పక తప్పదు. మా ఆయన ఉక్కు కర్మాగారంలో కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తారు. మేముండేది ఉక్కునగరం క్వార్టర్లో. ఆ నగరంలో సగం ఇళ్లలో కొత్త మిక్సీ కొన్నా సరే టెండరు పద్ధతిలోనే కొంటారు. ముందు సాంకేతికంగా ఎవరు అర్హులో తేల్చడం, ఆ తర్వాత అర్హుల్లో అందరికన్నా తక్కువ ధర చెప్పినవాణ్ణి 'ఎల్-వన్' అని పిలిచి వాడికే ఆర్డరివ్వడం. నాలుగు కంపెనీల కరపత్రాలు భోజనాల బల్ల మీద పరిచి మా ఆయన పట్టిక గీశారు. బండి ఈడ్చుకెళ్తారా? అవును. బ్యాటరీ? అవును. పంక్చరు? అవును. నాలుగు కంపెనీలకీ అన్ని గడుల్లోనూ 'అవును' పడింది. నలుగురూ అర్హులే. ఎల్-వన్‌కు ఆర్డరు వెళ్లింది. తూకం సరిగ్గా ఉందని మిల్లు యజమాని నోటిమాటగా చెబితే ఏ వేదికకూ సర్టిఫికెట్టివ్వని నేను, ఆ 'అవును'లన్నిటి కిందా నవ్వుతూ సంతకం పెట్టాను.

వేబ్రిడ్జిని పరీక్షించేటప్పుడు తూకాలన్నీ నట్టనడుమ పెట్టి ఊరుకోము. అదే బరువును నాలుగు మూలల్లోనూ ఒక్కొక్కసారి పెట్టి చూస్తాం. నడుమ నిజం చెప్పే వేదిక మూలకు వెళ్లేసరికి తప్పు చెప్పవచ్చు. ఈ కంపెనీలన్నీ నగరం నడిబొడ్డున బాగానే పనిచేస్తాయి. నా పని మూలల్లో.

అందుకని నా తిరుగుడును కాగితం మీద గీసి నాలుగు మూలలు గుర్తించాను: ఉక్కునగరం గేటు, పోర్టు రోడ్డు, భీమిలి, ఆనందపురం అవతల నా కారు ఆగిన టీ బడ్డీ. ఎల్-వన్ పోగా మిగిలినవి మూడు కంపెనీలు. రెండు ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా బయల్దేరి, ఒక్కో మూలలో కారాపి, అక్కడి నుంచే మూడింటికీ ఫోన్ చేశాం. కారు చెడిపోయిందని అబద్ధమాడలేదు. కొనబోయే మనిషినని చెప్పి, అందరినీ అవే అయిదు ప్రశ్నలు అడిగాను. ఈ చోటికి వచ్చే బండి ఎక్కడి నుంచి బయల్దేరుతుంది? ఉచిత దూరాన్ని ఎక్కడి నుంచి కొలుస్తారు? చేర్చే చోటు నా ఇష్టమా, మీ ఇష్టమా? కారు వయసుకు పరిమితి ఉందా? మిల్లు ఆవరణలో ఆగితే లోపలికి వస్తారా? మనిషి గొంతు వినబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో మా ఆయన వాచీ చూసి రాశారు.

భీమిలిలో సముద్రం ఎదురుగా కారాపి మూడోసారి అవే ప్రశ్నలు మొదలుపెట్టేసరికి ఆయన పుస్తకం మూసేశారు.

"ఏటే, ఇది పెళ్లాంతో షికారా, ఇన్‌స్పెక్షనా? అక్కడ సేపలు ఏపుతన్నారు, వాసన ముక్కులో దూరిపోతంది."

"ముందు సెకన్లు రాయండి. సేపలెక్కడికీ పోవు."

"నూనెలోకి పోనాయి గదే, ఇంకెక్కడికి పోతాయి!"

రెండో ఆదివారం సాయంత్రం, టీ బడ్డీ దగ్గర, మూడో కంపెనీ మనిషి ఇలా అన్నాడు: "మా బండి మీకు దగ్గరేనండి. ఆనందపురం కూడలిలో టైర్ల షాపు పక్కనే ఉంటుంది." మిగతా ఇద్దరూ 'దగ్గరి భాగస్వామి బండి వస్తుంది' అన్నారే తప్ప చోటు చెప్పలేదు. చోటు చెప్పాక చూడకుండా రావడం నా స్వభావం కాదు. వెళ్లాం. కారునెక్కించుకునే చదును వేదిక ఉన్న నీలం లారీ ఒకటి టైర్ల షాపు పక్కన ఉంది. దాని నీడలో నవారు మంచం మీద పడుకున్న యాభై ఏళ్ల మనిషి మమ్మల్ని చూసి తల ఎత్తాడు.

"ఏటమ్మా, బండి ఆగిపోనాదా?"

"లేదండి. ఆగితే మీరొస్తారా అని అడగడానికొచ్చాం."

అతను లేచి కూర్చున్నాడు. "ఆగకండా అడగడానికొచ్చినోళ్లని ఇదే సూడ్డం."

మేం ఫోన్ చేసిన మూడు కంపెనీల పేర్లూ వరసగా చెప్పి, మూడోవాళ్లు చెబితే వచ్చామన్నాను. అతను పెద్దగా నవ్వాడు. "ఆళ్లొక్కళ్లేటి? మీరు సెప్పిన మూడు కంపెనీలూ నాకే ఫోన్ సేత్తాయి. భీమిలి నుంచి ఇటేపు ఎవల కార్డు పట్టుకుని పిలిసినా ఆకర్న వచ్చీది ఈ బండే."

మా ఆయన ముఖం వెలిగిపోయింది, అప్పటికప్పుడే వరస కలిపేశారు. "అయితే మూడూ ఒకటే గదా బావా! తక్కువ ధరది తీసీసుకుంటే సరి."

"ఒకటెలగవుద్ది బావా?" అతను వేళ్లు మడిచాడు. "మొదటోళ్లు ఫోన్ సేసి, ఉండు, హైదరాబాదు నుంచి అప్రూవల్ రావాలంటారు. నాను తాళం సేత్తో పట్టుకుని ఇక్కడ కూకుంటాను, బండోడు అక్కడ ఎండలో కూకుంటాడు. అప్రూవల్ వచ్చీసరికి ఆడు ట్రాక్టరుకి కట్టీసుకుని ఎల్లిపోతాడు. రెండోళ్లు బేగినే పంపుతారు గానీ, బండిని ఆళ్ల జాబితాలో షెడ్డుకే ఎట్టుకెల్లాల. పక్కనే మంచి మెకానిక్కున్నా సిటీలోకి ఈడ్సుకెల్లాల్సిందే. మూడోళ్లు మాత్రం ఫోను, లొకేషను, బయల్దేరు. అంతే. ఓనరు ఎక్కడంటే అక్కడ దింపీడమే. యాబై కిలోమీటర్ల దాకా నన్నెవుడూ ఏటీ అడగడు."

"అప్రూవల్ లేకండా పంపితే లెక్క ఎలగ తేలుతాది?" అన్నారు మా ఆయన, నిజంగానే కలవరపడుతూ.

అతను నా వైపు తిరిగాడు. "ఉక్కులో సేత్తారా అమ్మా ఈయన? అడిగీ తీరు సూసీ అనుకున్నాను."

ఇంటికొచ్చి మూడో కంపెనీ షరతుల కాగితాలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. ఫోన్‌లో చెప్పినదీ, లారీ అతను చెప్పినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకదానికొకటి సరిపోయాయి. కారు వయసు పరిమితి పదేళ్లు. నాది లోపలే. దూరాన్ని కారు ఆగిన చోటి నుంచే కొలుస్తారు. చేర్చే చోటు 'సభ్యులు కోరిన స్థలం' అని స్పష్టంగా ఉంది. ధర మూడింటిలో నడిమిది. అన్నిటికన్నా ఖరీదైన దానిలో హోటలు గదీ విమానం టిక్కెట్టూ ఇస్తామన్నారు. ఆనందపురంలో కారాగితే విమానమెక్కి ఉక్కునగరం రాను గదా. మా ఆయన చివరి గడిలో 'ఎల్-వన్ కాదు' అని రాసి, కారణాలు కూడా రాసి, సంతకం పెట్టారు. ఆయన ఉద్యోగ జీవితంలో అలా రాయడం అదే మొదటిసారని చెప్పారు.

నెలాఖరు రోజు ఉదయం ఏడున్నరకు బయల్దేరాను. బెల్టు కొత్తది. టైర్లలో గాలి చూశాను, నీళ్లు చూశాను. ఎనిమిదీ పదికి, ఆనందపురం ఇంకా రాకముందే, గేరు మార్చబోతే క్లచ్ పెడల్ నేలకంటుకుపోయి మరి పైకి లేవలేదు. లోపల తీగ తెగింది. యంత్రాలకు మనుషుల గడువులు తెలియవు. కారును నెమ్మదిగా రోడ్డు అంచుకు పోనిచ్చాను.

కొత్త కంపెనీ కార్డు తీశాను. ఫోన్ చేసిన పదకొండో సెకనుకు మనిషి గొంతు వినిపించింది. పిన్‌కోడు అడగలేదు. లొకేషను పంపమన్నారు, పంపాను. "బండి బయల్దేరిందండి" అని సందేశం వచ్చేసరికి ఎనిమిదీ పదిహేడు. ఎనిమిదీ ముప్పై ఆరుకు నీలం లారీ మలుపు తిరిగి కనిపించింది.

"అమ్మా, మీరేటి!" అతను కిటికీలోంచి సగం బయటికొచ్చాడు. "నానొత్తానో లేదో సూద్దారని నిజంగానే ఆపీసారేటి?"

"ఎక్కించండి బాబూ, పది గంటలకి నేను మిల్లులో ఉండాలి."

"మిల్లులో మెకానిక్ ఉన్నాడేటి?"

"లేడు. సభ్యులు కోరిన స్థలం. నేను మిల్లు కోరుకుంటున్నాను."

అతను గొలుసులు బిగించడం మొదలుపెట్టాడు. కంపెనీకి ఫోన్ చేసి చేర్చే చోటు చెప్పాను. దూరం లోపలే ఉందని, సరేనని అన్నారు. పరికరాల పెట్టె ఒళ్లో పెట్టుకుని క్యాబిన్‌లో కూర్చున్నాను.

తొమ్మిదీ ముప్పై ఒకటికి మిల్లు గేటులోకి వెళ్లాం. మా యజమాని ముందే వచ్చి అక్కడ కుర్చీలో ఉన్నారు. లారీ మీద నా కారును చూసి ఆయన లేచి నిలబడ్డారు. ముఖంలో రక్తం లేదు. ఆ తర్వాత క్యాబిన్‌లోంచి నేను దిగడం చూశారు.

తూకాలు పెట్టే ముందు వేదిక కింది సెన్సార్లు కుదురుకోవాలి. అందుకు బరువైన బండినొకదాన్ని మూడుసార్లు ఎక్కించి దింపాలి. మిల్లు లారీలన్నీ గోదాముల్లో లోడవుతున్నాయి, తూకాల లారీ ఇంకా దారిలో ఉంది. ఆవరణలో ఖాళీగా ఉన్న బరువైన బండి ఒక్కటే.

"బాబూ, మీ బండి ఒకసారి దీనిమీద ఎక్కించాలి."

"కారు దించీయనా?"

"వద్దు, కారుతోనే."

నీలం లారీ, దాని మీద క్లచ్ తెగిన నా కారు, ఆ రెండూ కలిసి వేదిక మీదకు మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగాయి. మూడుసార్లూ తెర మీద ఒకే అంకె నిలిచింది. దిగిన ప్రతిసారీ సున్నా. లారీ అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎంత తూగానమ్మా?" అనడిగాడు. చెప్పాను. "మా ఆవిడ కొంచెం తగ్గమంటంది" అన్నాడు. మా యజమాని తొలిసారి నవ్వారు.

ఇన్‌స్పెక్టరు పదికి వచ్చారు. అప్పటికి తూకాల లారీ కూడా వచ్చి వరుసలో నిలబడి ఉంది, నా పుస్తకం తెరిచి ఉంది. పదకొండున్నరకు ముద్ర పడింది. మధ్యాహ్నం లోపల మొదటి ధాన్యం లారీ కొత్త వేదిక మీద తూగింది.

మా యజమాని వచ్చే నెల ఫీల్డు జాబితా జేబులోంచి తీశారు. ప్రతి తేదీకి ఎదురుగా, వెళ్లే మనిషి పేరు రాయాల్సిన గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. నా కలం అడిగి తీసుకుని, లారీ బానెట్టు మీద కాగితం ఆనించి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా నా పేరే రాశారు.

"కారు బాగుసేయించుకో" అన్నారు. "ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఆగుతాది. ఆగనీ."

నా మెకానిక్ ఆనందపురంలోనే ఉన్నాడని తెలిసి, ముద్ర పడేదాకా ఆగి చూసిన లారీ అతను తిరుగు ప్రయాణంలో తన దారేనంటూ నన్నూ కారునూ తీసుకెళ్లాడు. క్యాబిన్ చాలా ఎత్తు. కూడలిలో బస్సులవాళ్లూ కూరగాయల బళ్లవాళ్లూ తలెత్తి మా వైపు చూశారు. అతను అవసరం లేకపోయినా ఒకసారి హారన్ కొట్టాడు.

"ఎందుకండీ?" అన్నాను.

"ఊరేగింపుకి బాజా ఉండాల గదమ్మా" అన్నాడు.

రెండోసారి కొట్టమని నేనే అడిగాను.