ఇటివ్వండి

ఇప్పుడు ఆయన దగ్గర పనిచెయ్యాలని ఆఫీసులో చాలామంది కోరుకుంటారు. చెప్పింది పూర్తిగా వింటాడని, మధ్యలో అడ్డురాడని, ఏదైనా చెడితే ముందు తన మీద వేసుకుంటాడని చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. ఆ ఓర్పు ఆయనకి పుట్టుకతో రాలేదు. కంపెనీవాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ బిస్కెట్లు పెట్టి ఇచ్చిన శిక్షణలో అసలే రాలేదు. ఒక మనిషి ప్రాణం మీదికొస్తే వచ్చింది.

అంతకుముందు మనవాడి పేరు ఆఫీసులో ‘ఇటివ్వు’. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఎవరైనా ప్రోగ్రాం రాస్తూ చిక్కుకుని, "సార్, ఇక్కడ ఆగిపోయింది" అని నోరు తెరిస్తే చాలు, "ఏదీ, ఇటివ్వు" అంటూ కుర్చీ జరుపుకొచ్చి కీబోర్డు లాక్కునేవాడు. కాసేపట్లో పని అయిపోయేది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ చేతుల్లో అంత పనితనం ఉంది. చేరిన కొత్తలో ఎవరికీ అంతుపట్టని తప్పుల్ని వెతికి పట్టుకుని పేరు తెచ్చుకున్నది ఆ చేతులతోనే. బాగా పనిచేసేవాణ్ణి ఆ పని మాన్పించి పదిమంది మీద పెద్దని చేస్తే మెచ్చుకున్నట్టని అనుకునే బాపతు కంపెనీ అది. లీడ్‌ని చేసేశారు. మనుషుల్ని ఎలా చూసుకోవాలో వాళ్ళు చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఇంట్లోనూ అదే వరస. మూడో తరగతి చదివే కూతురికి బూట్ల లేసులు కట్టుకోవడం రాదు. ఎలా వస్తుంది, ముడి దగ్గర ఆ పిల్ల కాస్త తడబడగానే ఈయన వంగి కట్టేస్తుంటే. "నువ్వు దానికి సాయం చెయ్యట్లేదు, దాని చేతులు కట్టేస్తున్నావు" అని భార్య ఒకసారి కసురుకుంది. ఉన్న తొందరలో ఇదొకటా అనుకుని మనవాడు చెవిన పెట్టలేదు.

ఆఫీసులో మనవాడి జట్టులోకి ఒక పెద్దాయన వచ్చాడు. మనవాడికంటే పదేళ్ళు పెద్ద. వయసంతా ఒకే పాత సాఫ్ట్‌వేర్‌ మీద పనిచేసి, అందులో ఏ మూల ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడు. కంపెనీ దాన్ని మూలన పడేసి, కొత్త పని నేర్చుకొమ్మని ఆయన్ని ఇటు పంపింది. నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా "సరేనండి" అంటాడు కాబట్టి జట్టులో కుర్రాళ్ళు ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు.

సరేనండి మొదట్లో బాగానే అడిగేవాడు. ఒక్కసారి మొదట్నుంచీ చెప్తారా, రాసుకుంటాను అని పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. "మీకెందుకండీ ఈ శ్రమంతా, ఇటివ్వండి" అనేవాడు మనవాడు. పెద్దాయన పరువు కాపాడుతున్నానని మనసులో మురిసిపోయేవాడు కూడా. కీబోర్డు లాక్కున్నాక ఆ మనిషి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పక్కన పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చునేవాడు. మూడేళ్ళలో మనవాడు ఒక్కసారైనా తల తిప్పి ఆ చేతుల వంక చూశాడా? చూడలేదు. చూడ్డానికి తీరికెక్కడిది మహానుభావుడికి!

రానురాను ఆయన అడగడం మానేశాడు. ఇక నేర్చుకున్నాడులే అనుకున్నాడు మనవాడు. ఆమధ్య నడుం నొప్పిగా ఉంది, కొన్నాళ్ళు ఇంటి నుంచి పనిచేస్తానంటే ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే జట్టంతా ఫోన్లో కలిసి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే ఆనవాయితీ ఉంది. సరేనండి వంతు రాగానే "అయిపోవచ్చిందండి" అనేవాడు. కొనేవాళ్ళకి ఆ ప్రోగ్రాం అప్పజెప్పే రోజు కూడా వచ్చింది. ఆ పొద్దున కూడా అదే మాట అన్నాడు. వెనకాల ఏదో మైకులో గొంతు వినిపిస్తే, అదేంటని మనవాడు అడిగాడు. టీవీ అండి, అన్నాడు.

ఇంకో గంటకి సరేనండి భార్య నుంచి ఫోను వచ్చింది. "అన్నయ్యగారూ, మావారు మీ పక్కనే ఉన్నారా? బీపీ మాత్రలు ఇంట్లో మర్చిపోయారు, ఫోనేమో తియ్యట్లేదు. గేటు దాకా ఎవర్నైనా పంపితే నేనే తెచ్చిస్తాను."

ఇంటి నుంచి పనిచేస్తున్నానన్న మనిషి రోజూ క్యారియరు కట్టించుకుని ఆఫీసుకని బయల్దేరుతున్నాడన్నమాట. నిజం చెప్పడానికి నోరు రాక మనవాడు, మీటింగ్‌లో ఉన్నారమ్మా, బయటికి రాగానే ఫోన్ చేయిస్తానని అబద్ధం ఆడేశాడు. వెంటనే సరేనండికి ఫోన్ చేశాడు. స్విచాఫ్.

సిగ్గుపడాల్సిన సంగతే అయినా చెప్పేస్తాను. అప్పుడు ఆయనకి ముందు గుర్తొచ్చింది మనిషి కాదు, సాయంత్రం అప్పజెప్పాల్సిన పని. గబగబా కంప్యూటర్లో ఆయన భాగం తెరిచి చూశాడు. కొన్ని వారాలుగా అందులో ఒక్క అక్షరం కదల్లేదు. చివరగా ఉన్న నాలుగు లైన్లు కూడా ఎప్పుడో తను లాక్కుని రాసినవే.

ఆ మొహం చూసి, టెస్టింగ్ చూసే అమ్మాయి లేచి దగ్గరికొచ్చింది. సరేనండి నిన్న తన పాస్‌వర్డులన్నీ ఆ అమ్మాయికి అప్పజెప్పాడట. ఎందుకండీ అంటే, ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదమ్మా అన్నాడట. మనవాడికి అప్పుడు మొదటిసారి ఆ మనిషి కోసం భయం వేసింది. కొన్నాళ్ళుగా మనిషి మనిషిలా లేడని జట్టులో అందరికీ తెలుసని కూడా ఆ అమ్మాయి చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదని అరిచాడు మనవాడు.

"చెప్తే మీరు ఆ పని కూడా లాగేసుకునేవాళ్ళు సార్. ఆయన సగం చచ్చిపోయింది దానికే."

అని, పొద్దున ఫోన్లో వినిపించింది టీవీ కాదంది. చీటీ నంబర్లు పిలిచే మైకు. వాళ్ళ నాన్న కాలు విరిగినప్పుడు రోజుల తరబడి విన్న గొంతట. పెద్దాసుపత్రిది.

బండి తీసి మనవాడు ఎలా వెళ్ళాడో ఆయనకే గుర్తులేదు. ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. దేవుడా, ఆ మనిషిని ఉండనివ్వు చాలు, ఇంకేమీ అడగను అని హెల్మెట్ లోపల పైకే అంటున్నాడు. ఏనాడూ ఎవరికీ మొక్కినవాడు కాదు.

ఎముకల డాక్టర్ల గదుల ముందు పెద్ద హాలు. ఇనప కుర్చీలు, కట్లు కట్టిన కాళ్ళు, ఫినాయిలు వాసన. అక్కడ పొద్దస్తమానం కూర్చున్నా నువ్వెందుకు కూర్చున్నావని అడిగే నాథుడు లేడు. అందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నవాళ్ళే. మనవాడు ఒక్కొక్క మొహం చూసుకుంటూ హాలంతా తిరిగాడు. లేడు. వాచ్‌మన్‌ని పట్టుకుని ఆనవాళ్ళు చెప్పాడు.

"ల్యాప్‌టాప్ సారేనా? రోజూ మంచినీళ్ళ కుళాయి పక్కన, ప్లగ్గు దగ్గర కూర్చుంటారు. వాళ్ళవాళ్ళెవరో లోపల ఉన్నారనుకున్నాను. ఇందాకే మెట్లెక్కి పైకెళ్ళారు."

మనవాడి పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తాడు. ఒక అంతస్తు, ఇంకొకటి, మరొకటి. వార్డులు అయిపోయాయి, లైట్లు అయిపోయాయి, మెట్లు మాత్రం ఇంకా పైకి పోతున్నాయి. చివర మేడ మీదికి వెళ్ళే చోట ఇనప గేటు, దానికో పెద్ద తాళం. దాని కింది మెట్టు మీద సరేనండి ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"తాళం వేసి ఉందండి" అన్నాడు, మీటింగ్ గది ఖాళీ లేదని చెప్పినట్టుగా.

మనవాడు పక్కన కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. సరేనండే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ముందుకు చాపాడు. మీరు దీనికోసమే వచ్చుంటారు, తీసుకోండి, అన్నాడు. మనవాడి చెయ్యి అలవాటు కొద్దీ సగం దాకా వెళ్ళింది. దాన్ని వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. దీనికోసం రాలేదండి అని చెప్పబోయాడు గానీ, అదీ పూర్తిగా నిజం కాదని తనకి తెలుసు.

"ముందు దానికోసమే భయపడ్డానండి. తరవాతే మీకోసం."

సరేనండి తల తిప్పి ఆయన వంక చూశాడు. ఇన్నాళ్ళలో అంతసేపు చూడడం అదే మొదలు. ఆ తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. తెర మీద అక్షరాలు కనిపిస్తాయట, చదువుతాడట, రెండో లైనుకి వెళ్ళేసరికి మొదటిది మనసులో ఉండదట. ఇంట్లో చెబితే కంగారు పడతారు, ఆఫీసులో చెబితే పని పోతుంది. రోజూ ఇక్కడికొచ్చి, ఇవాళైనా ఒక్క లైను రాద్దామని కూర్చుంటాడట.

"ఇన్నేళ్ళు ఇల్లు నడిపిన చేతులండీ ఇవి. మీరు ఇటివ్వండి అన్న ప్రతిసారీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇక వీటితో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు."

మనవాడికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చేశాడు. క్షమించండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, ఎంత చిన్నదిగా అనిపించిందో ఏమో, అక్కడే ఆగిపోయింది.

ఈలోపు మేనేజరు ఫోను. పని ఎక్కడిదాకా వచ్చింది, కొనేవాళ్ళు కాచుకుని కూర్చున్నారని అవతల గొంతు చించుకుంటున్నాడు. ఇవాళ అవ్వదండి, అన్నాడు మనవాడు. ఎవరి మూలంగా అని అడిగితే, నా మూలంగా, అన్నాడు. అయితే రేపు పొద్దున నా గదికి రా, ఆ జట్టు నీ చేతిలో ఉండాలో వద్దో తేలుద్దాం అన్నాడు మేనేజరు. అలాగేనండి అని ఫోను పెట్టేశాడు. జట్టు పోతుందేమోనన్న భయం ఉందిగానీ, పక్కన కూర్చున్న మనిషి కంటే పెద్దదిగా కనిపించలేదు.

"చచ్చిపోదామనే పైకొచ్చారా?" అని అడిగాడు సూటిగా.

"అవునండి."

"ఇంకా అలాగే ఉందా?"

"తెలియదండి."

అన్నీ సర్దుకుంటాయి, నేను చూసుకుంటాను అని ఇదివరకటి మనవాడైతే అనేసేవాడే. ఇప్పుడు ధైర్యం చాలలేదు. నాకూ ఏం చెయ్యాలో తెలియదండి, కింద ఇలాంటివి తెలిసిన డాక్టర్లు ఉంటారు, వెళ్దామా, అని మాత్రం అడిగాడు. మా ఆవిడకి చెప్పకండి, అన్నాడు సరేనండి. "నేను చెప్పను. మీరే చెప్పాలి. చెప్పేటప్పుడు పక్కన ఉంటాను" అన్నాడు మనవాడు. చాలాసేపటికి గానీ ఆ మనిషి లేవలేదు. లేచాక రెయిలింగు పట్టుకుని ముసలివాళ్ళు దిగినట్టు ఒక్కో మెట్టే దిగాడు. మనవాడు సంచి అందుకోలేదు, రెక్క పట్టుకోలేదు. పక్కనే దిగాడు.

ఇన్నాళ్ళూ రోజూ ఆ హాల్లో కూర్చున్న మనిషి చీటీ కిటికీ ముందు నిలబడడం అదే మొదటిసారి. కిటికీలో ఆవిడ తలెత్తకుండానే, ఎవరికి చూపించాలి అంది. మనవాడు నోరు తెరిచాడు. బలవంతాన మూసుకున్నాడు. వెనక వరసలో ఎవరో తొందరగా కానివ్వండి బాబూ అని గొణిగారు.

"నాకేనండి" అన్నాడు సరేనండి.

ఏం బాధ అంది ఆవిడ. ఆయన మనవాడి వైపు తిరిగాడు, ఆ ఒక్క మాట నువ్వు చెప్పెయ్యి అన్నట్టు. మనవాడి ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పెయ్యడం ఎంతసేపు! పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు.

"బతకాలని లేదండి."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఆయన్ని చూసింది. ఆ గొంతులో విసుగు పోయి, మీరు వరసలో కూర్చోనక్కర్లేదు, ఇప్పుడే మనిషిని పిలుస్తాను, లోపలికి తీసుకెళ్తారు అంది. చీటీ రాస్తూ, కూడా వచ్చినవాళ్ళు ఎవరు, ఈయన మీకేమవుతారు అని అడిగింది.

సరేనండి ఆలోచించాడు. లీడ్ అనలేదు, సార్ అనలేదు. ఆయనకి ఆ క్షణంలో ఏ వరసా తోచినట్టు లేదు.

"తెలిసినాయనండి" అన్నాడు.

మూడేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నవాడికి ఆయనకి బీపీ ఉందన్న సంగతి ఆ పొద్దున్నే తెలిసింది. అంత మాటకి తను తగనని మనవాడికి తెలుసు. అయినా కాదనలేదు. లోపలికి పిలిస్తే ఆయన వెనకే వెళ్ళాడు.