కూర్చోనివ్వని షేర్వానీ

మొఘల్‌పురా దర్జీ షఫీఉద్దీన్ పాలు తాగే పిల్లలకు కూడా వంగి సలాం చేశాకే కొలతలు తీసేవాడు. "హుజూర్, కాలర్ ఎంత ఎత్తుండాలె?" అని అడిగేవాడు. హుజూర్ టేపు నోట్లో పెట్టుకుంటే, జవాబు అందినట్టు తల ఊపేవాడు. అతని తాత, తండ్రి దర్బారుకు వెళ్లే జాగీర్దార్లకు షేర్వానీలు కుట్టారు. దర్బారులో అందరూ నిలబడే ఉంటారు గనుక ఆ కుట్టులో కూర్చునే వీలుండేది కాదు. అదే కుట్టును జరీబట్టతో పిల్లలకు దించి ఇతను కొత్త దుకాణం తెరిచాడు. "పోరగాండ్లు కూర్సోరా ఏంది?" అని భార్య షౌకత్ బీ దెప్పితే, "మా ఖాందాన్ కుట్టు మారదు" అన్నాడు.

మొదటి పెద్ద బేరం ఒక నవాబు మనవడి బిస్మిల్లా వేడుక. నాలుగేళ్ల పిల్లవాడు మౌల్వీ ఎదుట కూర్చుని తొలి అక్షరం దిద్దాలి. నౌకర్లు కూర్చోబెడితే వాడు కర్రలా వెల్లకిలా పడి, పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.

"ఏంది మియా ఇది?" అని నవాబు గర్జించాడు.

దుకాణం మూతపడ్డట్టేననుకున్నాడు షఫీఉద్దీన్. అయినా చేతులు కట్టుకుని, "హుజూర్, ఈ కుట్టు ఏసుకున్న మీ పెద్దలు ఎన్నడన్న కూర్సున్నరా? మౌల్వీ సాబ్‌నే లేవమనుండ్రి" అన్నాడు.

నవాబు గోడ మీది తండ్రి తసవీరు చూశాడు. ఆయనా నిలబడే ఉన్నాడు. ముసలి మౌల్వీ మోకాళ్లు పట్టుకుని లేచాడు. పిల్లవాడు నిలబడే అక్షరం దిద్దాడు.

వారం తిరగకముందే మరో నవాబు దేవిడీ నుంచి దివాన్‌జీ వచ్చాడు.

"ఆ ఇంటి పిలగాడు కూర్సోడట గద. మావోడు నడవను గూడ నడవొద్దు."

షఫీఉద్దీన్ వినయంగా టేపు తీశాడు.