సుత్తులు ఆగిన పెళ్ళి

"ఏ సినిమాదమ్మా ఇది?"

గుమ్మంలో నిలబడి ఆయన అడిగిన మొదటి మాట అది. చేతిలో ఉన్నది మా పెళ్ళి ఫొటో. దరఖాస్తుతో పాటు మేమే పెట్టిన ఫొటో.

"సినిమాది కాదండీ, మా పెళ్ళిది," అన్నాను.

"గట్లనా? మరి ఈ మంటపం నేను టీవీల చూసిన. గీ పీటల మీదనే హీరో కూసున్నడు. మా ఇంట్ల పిల్లలు ఆ పాట గూడ పాడుతరు."

ఆయన చెప్పింది నిజమే మరి.

ఆయన విచారణకి వచ్చిన అధికారి. మా వారు మలేషియా పౌరులు. అక్కడి పామాయిల్ తోటల మధ్య పుట్టి పెరిగారు. వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాకపోతే మాట చివర "లా" అని అక్కడి తోక ఒకటి తగిలిస్తారు. సినిమాలకి శబ్దం రికార్డు చేసే ఉద్యోగం మీద ఫిల్మ్ నగర్ వచ్చారు, నన్ను చేసుకున్నారు. ఆ తరువాత ఆ సంస్థ మూతపడింది. ఉద్యోగం వీసా పోయి, భార్య ఇక్కడి మనిషి అన్న వీసా మిగిలింది. దాని మీద ఉండొచ్చు గానీ పని చెయ్యకూడదు. ఆ వీసాకి కూడా గడువు దగ్గర పడుతోంది. అందుకే భారతీయురాలి భర్తగా ఇక్కడే జీవితాంతం ఉండటానికి, పని చేసుకోవడానికి వీలిచ్చే కార్డుకి పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. కానీ కాగితం కోసమే పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళూ ఉంటారట. అందుకని ఇంటికొచ్చి చూస్తారు. ఇది నిజం కాపురమే అని ఈయన రాస్తే మా వారు ఉంటారు. అనుమానం అని రాస్తే ఏమవుతుందో మేమిద్దరం ఒకరితో ఒకరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఆ మంటపం సంగతి చెప్పాలి. మా నాన్న పురోహితులు. పిఠాపురం నుంచి వచ్చి, సినిమా ముహూర్తాలకి కొబ్బరికాయలు కొట్టిస్తూ, ఒక దర్శకుడి కంట్లో పడి, తెర మీద కూడా పంతులుగారయ్యారు. సినిమాల్లో, సీరియళ్ళలో మీరు చూసే పెళ్ళిళ్ళలో చాలావాటికి మంత్రాలు చదివింది ఆయనే. నా పెళ్ళికి వెంగళరావు నగర్‌లో ఒక హాలు మాట్లాడుకున్నాం. సరిగ్గా ముందు వారం వాళ్ళు చేతులెత్తేశారు. నాన్న షూటింగులో దిగాలుగా కూర్చుంటే సెట్ మేనేజరు విషయం అడిగి, "అంత ఫికర్ ఎందుకు పంతులుగారూ, మన మంటపం ఉండంగ? పాట షూటింగ్ అయిపోయింది, ఎట్లయినా కూలగొట్టాలె. ఒక పూట ఆపుత, బిడ్డ లగ్గం చేస్కో," అన్నాడట. అలా థర్మోకోల్ స్తంభాల మధ్య, అసలైన అగ్నిహోత్రం ముందు నాకు పెళ్ళయింది. పూలు కూడా పాటకి తెచ్చినవే, నీళ్ళు చల్లి తాజాగా ఉంచారు. ఆ మనిషి రుణం ఎప్పటికీ తీరదు.

ఫొటోలు తీసింది స్టిల్ ఫోటోగ్రాఫరు, సినిమా లైట్లు పెట్టి మరీ. నా మొహం నాకే కొత్తగా ఉంటుంది అందులో. దరఖాస్తుకి ఫొటోలు కావాలన్నప్పుడు ప్రభుత్వానికి ఇచ్చేవి కదా అని బాగున్నవే ఏరి పెట్టాం. మా చుట్టాలు జిడ్డు మొహాలతో, సగం మూసిన కళ్ళతో ఉన్నవన్నీ పక్కన పడేశాం. అదీ మేం చేసిన పని.

అధికారి లోపలికి వచ్చి కూర్చున్నారు. అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగలేదు, పక్కన పెట్టారు. నన్ను, మా వారిని విడివిడిగా అడిగారు. మా వారిని లోపలి గదిలోకి పంపి, నాతో మొదలుపెట్టారు.

"ఏం చదివినవమ్మా?"

"ఇంట్లోనే చదువుకున్నానండీ. అమ్మ చెప్పింది."

"మరి సర్టిఫికెట్?"

"లేదండీ."

"బడికే పోలే?"

"చిన్నప్పుడు ఆయాసం ఉండేదండీ. తరువాత అలవాటు తప్పిపోయింది."

ఆయన ఏదో రాసుకున్నారు. చదువు లేని పిల్ల, పనిలేని విదేశీయుడు, సినిమా మంటపం. ఆ మూడూ పక్కపక్కన పెడితే ఎలా కనిపిస్తాయో నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. చీర కొంగు కింద వేళ్ళ మీద స్వామి నామం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మా వారి వంతు వచ్చింది, నేను లోపలి గది తలుపు చాటున నిలబడ్డాను. ఆయన నోరు విప్పగానే అధికారి కనుబొమలు ముడిపడ్డాయి.

"నువ్వు మలేషియా అంటున్నవ్, తెలుగు గింత మంచిగ ఎట్లొస్తది?"

"మా ఇంట్లో ఇదే భాష లా."

"లా ఏంది?"

"ఏమీ లేదు సార్, అలవాటు లా," అని మళ్ళీ అన్నారు పాపం.

మామూలుగా అయితే నాకు నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు.

"మీ నాయనతోని మాట్లాడాలె," అన్నారు అధికారి నన్ను బయటికి పిలిచి. "ఏడున్నడు?"

చెప్పక తప్పలేదు. "షూటింగులో ఉన్నారండీ. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో."

"ఏం షూటింగ్?"

"పెళ్ళి సీనండీ."

ఆయన ఫైలు మూసి లేచారు. "సరే, ఆడికే పోదాం పా."

బంగళా లోపల లాన్ నిండా మామిడి తోరణాలు. నాన్న పట్టు పంచెలో, మొహానికి మేకప్‌తో, మంటపంలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా కొత్త హీరోయిన్ తల వంచుకుని ఉంది. మేం ముగ్గురం వెళ్ళేసరికి షాట్ నడుస్తోంది. నాన్న గొంతెత్తి మంత్రం చదువుతున్నారు. హీరో తాళి కట్టాడు. అక్షింతలు పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. అంతా ఎంత నిజంగా ఉందంటే, నేనే రెండు చేతులూ జోడించబోయాను.

"కట్!"

అంతే. హీరోయిన్ తాళి తలమీంచి తీసి సామాన్ల అతనికి ఇచ్చేసి, "అన్నా, కాఫీ ఉందా?" అంది. అతను తాళిని డబ్బాలో వేసి మూత పెట్టాడు.

అధికారి నా మెడ వంక చూశారు. ఆ చూపు కంటే ఏదైనా అనేస్తే బాగుండేదనిపించింది.

నాన్న వచ్చారు. విషయం వినగానే ఆయన మొహం మీద మేకప్ ఉన్నా రంగు మారడం తెలిసింది. ముందు నమస్కారం పెట్టారు.

"పంతులుగారూ, మీరు రోజూ లగ్గాలు చేయిస్తరు. గిది గూడ మంచిగనే చేసిండ్రు. మీ బిడ్డది అసలుదో, గిసొంటిదో మేమెట్ల తెలుసుకోవాలె?"

"నేను షూటింగులో సంకల్పం చెప్పనండీ," అన్నారు నాన్న. "పేర్లు, గోత్రాలు చెప్పను. ఏదో ఆశీర్వచనం చదివేస్తాను. పొరపాటున కూడా ఇంకొకళ్ళ పిల్లలకి పెళ్ళి కాకూడదు కదా. మా అమ్మాయికి చెప్పాను. అల్లుడిగారి గోత్రం వాళ్ళవాళ్ళెవరికీ గుర్తు లేదు, తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెబుతాం, అదే చెప్పాను."

"వీడియోల ఉంటదా గది?"

ఉండదు. మా పెళ్ళి వీడియో మొత్తానికి పైన పాటలు పెట్టి ఇచ్చారు. పెదవులు కదులుతాయి, మాట వినపడదు.

అధికారి పెదవి విరిచారు. "మీ మాట తప్పు అంటలే. గానీ మీ మాటలు ఫైల్ల ఏమని రాయాలె?"

అప్పుడు మా వారు అన్నారు, "సార్, నా దగ్గర శబ్దం ఉంది."

మేమందరం ఆయన వైపు తిరిగాం.

"పెళ్ళి రోజు మంటపం స్తంభానికి నా రికార్డరు కట్టాను. మొదట్నుంచీ చివరిదాకా ఉంది. పని పోయినాక ఆ పెట్టె తెరవలేదు లా. చూస్తే మనసు పాడవుతుందని బీరువాలో పెట్టేశాను."

నాకు కూడా చెప్పలేదు. ఆ సంగతి అక్కడే మొదటిసారి విన్నాను. స్కూటరు మీద ఇంటికి వెళ్ళి తెస్తానన్నారు. అధికారి గడియారం చూసుకుని తల ఊపారు.

ఆయన వచ్చేదాకా నేను, నాన్న, అధికారి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అటువైపు రెండోసారి తాళి కట్టడానికి లైట్లు మారుస్తున్నారు. సహాయ దర్శకుడు వచ్చి, "పంతులుగారూ, షాట్ రెడీ," అంటే నాన్న, "బాబూ, ఇవాళ నా కూతురి పెళ్ళయ్యిందా లేదా అని తేలుతోంది, కాసేపు ఆగండి," అన్నారు. అతను అది హాస్యమనుకుని నవ్వి వెళ్ళిపోయాడు.

నాకు ఒకటే భయం. అందులో ఏముందో మాకే తెలియదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేకపోతే? లైట్ల జనరేటరు హోరే ఉంటే? ఎవరో సినిమా మాట ఏదో మాట్లాడి ఉంటే?

మా వారు వచ్చారు. ఆ షూటింగులో శబ్దం రికార్డు చేస్తున్నది ఆయన పాత సహోద్యోగే. తన ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు ఇచ్చి పక్కకి జరిగాడు. మా వారు వెతికి, అధికారి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు.

ఇక మాకు ఏమీ వినపడదు. ఆయన మొహం ఒక్కటే కనపడుతుంది.

మొదట ఆ మొహంలో ఏమీ లేదు. కళ్ళు నేల మీద ఉన్నాయి. కాసేపటికి పెదవులు మెల్లగా కదిలాయి, వినపడుతున్న మాటలని తనలో తాను అనుకుంటున్నట్టు. తరువాత ఉన్నట్టుండి నవ్వారు. పక్కన ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వారు. దేనికి నవ్వారు? మా వారి చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాను.

ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన కదలకుండా కూర్చున్నారు. హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి ఇంకా దగ్గరగా నొక్కుకున్నారు. ఆ తరువాత తీసి, నాకు అందించారు.

"నువ్వు ఇనలేదా గిది?"

"లేదండీ."

"ఇను."

మా వారు కొంచెం వెనక్కి జరిపి పెట్టారు. నాన్న గొంతు. మంత్రం. వెనకాల ఠకఠకమని సుత్తుల చప్పుడు. మంటపం ఒక్కదాన్నే ఆపారు, పక్కనే మిగతా సెట్ కూలగొడుతున్నారు. నాన్న గొంతు ఆ చప్పుడులో మునిగిపోతోంది. ఇంతలో సెట్ మేనేజరు అరుపు: "అరె ఆపుండ్రి రా! ఈడ పెద్దాయన బిడ్డ లగ్గం నడుస్తుంది! సినిమాది కాదు, అస్లీ లగ్గం!" సుత్తులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆఖరిది ఒకటి ఎక్కడో దూరంగా రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నాన్న సంకల్పం చెబుతున్నారు. మా గోత్రం చెప్పారు. వాళ్ళది చెప్పారు. మా వారి పేరు చెప్పారు. నా పేరు చెప్పాల్సిన చోట ఆగిపోయారు.

ఏమీ లేదు. ఊపిరి చప్పుడు. ఒక గాజు కదిలిన చప్పుడు, అది నీళ్ళు పొయ్యడానికి చెంబు పట్టుకున్న అమ్మది అయ్యుంటుంది. అమ్మ గొంతు చాలా మెల్లగా, "చెప్పండి," అంది. అప్పుడు నాన్న నా పేరు చెప్పారు. ఆ పేరు అంత మెత్తగా ఆయన పిలవగా నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు తల వంచుకుని, కాళ్ళ పారాణి చూసుకుంటూ కూర్చున్నాను. ఇంత జరిగిందని నాకు తెలియనే తెలియదు.

హెడ్‌ఫోన్లు తీసేసరికి నాన్న తన మేకప్ మొహం తువ్వాలుతో తుడుచుకుంటున్నారు, ఇంకా షాట్ ఉందని మరిచిపోయి.

"ఇది ఫైల్ల పెట్టనీకి రాదు," అన్నారు అధికారి లేస్తూ. "జర ఇంటి పక్కోళ్ళు ఇద్దరితోని రాయించి పంపుండ్రి. జిడ్డు మొహాల ఫొటోలు ఉన్నయా?"

"బోలెడు ఉన్నాయండీ," అన్నాను.

"గవి పెట్టుండ్రి. లైట్లు ఉన్నయి వద్దు."

గేటు దాకా వెళ్ళి ఆగారు. "పంతులుగారూ, మా ఇంట్ల ఒక లగ్గం ఉంది. గీ ఫైల్ అయిపోయినంకనే అడుగుత. ముందు అడిగితే బాగుండదు."

ఆ సాయంత్రం నాన్నని అడిగాను, ఎందుకు ఆగారని. ఆయన మందిరం ముందు దీపం ఒత్తి సరిచేస్తూ, "ఏళ్ళ తరబడి పేర్లు మింగేసి పెళ్ళిళ్ళు చేయించానే అమ్మా. అసలు పేరు పైకి చెప్పాల్సి వచ్చేసరికి నోరు తిరగలేదు," అన్నారు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "నోరు కాదు తిరగనిది," అంది.

తరువాత చాలా వారాలు ఏ కబురూ లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. వీసా గడువు ఇంకా దగ్గరికొచ్చింది. మా వారు బట్టల పెట్టెని అటక మీంచి దించలేదు గానీ, రోజుకోసారి అటక వైపు చూసేవారు. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం పప్పు పోపు పెడుతుంటే ఆయన ఫోనుకి మెసేజి వచ్చింది. ఆయన చదివి, ఫోను నా చేతిలో పెట్టి, నేలమీద కూర్చుండిపోయారు. మంజూరయింది. పోపు మాడిపోయింది. ఆ రోజు మాడిన పప్పే తిన్నాం. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఇప్పుడు ఆయన రోజూ పొద్దున్నే రికార్డరు భుజాన వేసుకుని షూటింగుకి వెళతారు. ఒక్కోసారి నాన్న, ఆయన ఒకే సెట్‌లో ఉంటారు. నాన్న పేర్లు మింగేస్తుంటే ఈయన ఆ మంత్రం రికార్డు చేస్తారు.

మా మీద అనుమానపడిన ఆ పెద్దమనిషికి నేను రుణపడి ఉన్నాను. ఆయన నమ్మేసి వెళ్ళిపోయి ఉంటే నా పేరు ముందర మా నాన్న ఆగిన ఆ కాసేపు బీరువాలోనే ఉండిపోయేది. ఆ సుత్తులు ఆపినవాళ్ళెవరో నాకు తెలియదు, మొహాలు కూడా చూడలేదు. దీపం పెట్టేటప్పుడు అందరి తరువాత వాళ్ళనీ తలుచుకుంటాను. రెండు దెబ్బలు ఎక్కువ కొట్టినతన్ని కూడా.