బీరువా వెనకాల చోటు

ఆ బడిలో పిల్లలు ఆవిడకి టార్చిలైటు టీచరని పేరు పెట్టారు. ఏ తరం పిల్లలు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, అన్న నుంచి తమ్ముడికీ అక్క నుంచి చెల్లెలికీ పాత పుస్తకాలతో పాటు ఆ పేరు కూడా చేతులు మారుతూ వచ్చింది. ఆవిడ బోర్డు వైపు తిరిగి లెక్క వేస్తూనే, "ఆ కిటికీ పక్కాయన నోట్లోది మింగేస్తే మనం ముందుకెళ్దాం" అనేది. కిటికీ పక్కన కూర్చున్నవాడు గుటుక్కున మింగేవాడు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డప్పుడల్లా పైకి కళ్ళెర్రజేసినా లోపల్లోపల మురిసిపోయేది.

అదంతా ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుబడిన విద్య. అప్పటి హెడ్మాస్టారు ఆవిడని ఖాళీ గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇక్కణ్ణుంచి మీ కంటికి ఆనని చోటు ఎక్కడుందో చూసుకోండమ్మా, అల్లరైనా ఏడుపైనా అక్కడే మొదలవుతుంది అని చెప్పాడు. ఆవిడ ఆ మాటని గుండెలో పెట్టుకుంది. ఆ తర్వాత ఏ గది ఇచ్చినా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని నాలుగు పక్కలా చూసేది. తర్వాతే బెంచీలు సర్దించేది. ఆ చూపు ఎందరినో కాపాడింది కూడా. జ్వరంతో బల్ల మీద వాలినవాణ్ణి అందరికంటే ముందు పట్టుకున్నది ఆవిడే. చేతి మీద వాత కప్పుకోడానికి ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చినవాణ్ణి గమనించి వాళ్ళ నాన్నని పిలిపించిందీ ఆవిడే.

ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆవిడకి ఐదో తరగతి గది ఇచ్చారు. ఆ గదిలో వెనక మూల ఒక ఇనప బీరువా ఉండేది. మూలన గోడకి చెమ్మ ఎక్కుతుందని, తుప్పు పట్టకుండా ఎవరో ఎప్పుడో దాన్ని గోడకి ఎడంగా, మూలకి అడ్డంగా ఏటవాలుగా నిలబెట్టారు. దాని వెనక ముక్కోణంగా కాస్త ఖాళీ మిగిలింది. పెద్దవాళ్ళు దూరలేరు, దూరాల్సిన పనీ లేదు. ఆవిడ కుర్చీలోంచి కనబడని చోటు ఆ గది మొత్తానికి అదొక్కటే.

ఆ ఖాళీలో ఒక పిల్ల ఉండేది. తోటిపిల్లలు ఆ అమ్మాయిని చుంచు అనేవారు. సన్నగా ఉంటుంది, చప్పుడు లేకుండా నడుస్తుంది, సందు కనబడితే దూరుతుంది. గంట కొట్టగానే గదంతా మైదానంలోకి ఒలికిపోతే, చుంచు బీరువాలోంచి ఒక కథల పుస్తకం తీసుకుని వెనక్కి వెళ్ళిపోయేది. మళ్ళీ గంట కొట్టాక బట్టలకి సున్నం అంటించుకుని బయటికొచ్చేది. పాఠం అడిగితే నేల చూపులు చూస్తుంది గానీ, బీరువాలో అట్టలూడిన పుస్తకాలన్నీ ఆ పిల్ల చేతిలో ఒక్కసారైనా పడ్డవే.

ఈ సంగతి టీచరుకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేది. విరామం ముందు బీరువాకి తాళం వెయ్యడం మరిచిపోయినట్టు నటించేది. అంతవరకే ఆగి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

ఆగనివ్వనిది జాలి. సున్నం రాలే గోడ, సాలెగూళ్ళు, చీకటి. బంగారంలాంటి పిల్ల ఎలుకలాగా ఆ సందులో కూర్చుని చదువుకోవడమేమిటి? వచ్చే ఏడు పెద్దబడికి పోతుంది. అక్కడ ఈ పిల్లని పట్టించుకునేదెవరు? పోయేలోపు నలుగురిలో కూర్చుని చదివే అలవాటు చెయ్యాలి, దానికో మంచి చోటు తయారు చెయ్యాలి. ఈ ఆలోచన ఒకసారి తలలో దూరాక ఆవిడకి నిద్రా తిండీ దాని మీదే. తరగతికంతా అని పైకి చెప్పింది గానీ, మనసులో ఆ చోటు చుంచుది.

పిల్లలందరికీ కాగితాలు పంచి, చదువుకోడానికీ కబుర్లు చెప్పుకోడానికీ మన గదిలో ఒక చోటు చేసుకుంటే అదెలా ఉండాలో బొమ్మ వెయ్యమంది. ఒకడు జారుడుబల్ల వేశాడు. ఇంకొక పిల్ల పుస్తకాల చెట్టు కింద ఉయ్యాల వేసింది. ఒక మహానుభావుడు మంచం వేసి దాని మీద తను నిద్రపోతున్నట్టు వేస్తే గదంతా నవ్వింది. చుంచు మాత్రం బీరువా వేసింది. ఏటవాలుగా, మూలకి అడ్డంగా, పక్కనే సన్నటి సందుతో సహా, ఉన్నది ఉన్నట్టు.

"ఇది ఉన్నదే కదమ్మా," అంది టీచరు, మెత్తగానే. "ఉన్నది కాదు, కొత్తది వెయ్యి. నీకేం కావాలో అది."

చుంచు కాగితం వెనక్కి తిప్పి, కిటికీ ఒకటి వేసి, దాని కింద చాప వేసి ఇచ్చింది. టీచరు ఆ పిల్ల తల నిమిరి, చూశావా, ఆలోచిస్తే వస్తుంది అంది.

ఇంట్లో ఆవిడ ఆడపడుచు ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టేది. దిళ్ళూ, గోడకి ఆనుకునే మెత్తలూ, పరుపూ అన్నీ ఆమె చేతి మీద తయారయ్యాయి. ఊరందరి జాకెట్లలో మిగిలిన పీలికలు వాటిలో కనబడేవి. వదినామరదళ్ళ మధ్య ఎత్తిపొడుపులకి కొదవ లేదు. టీచరు కొలతలు మూడోసారి మార్చినప్పుడు, నీ పెళ్ళికి కూడా నువ్వింత హడావిడి చెయ్యలేదు వదినా అని ఆమె దెప్పింది. పెళ్ళికి మీ అన్నయ్య వస్తే చాలు, దీనికి పిల్లలు రావాలి అని టీచరు తిప్పికొట్టింది.

దిళ్ళన్నీ కుట్టాక పువ్వుల గుడ్డ ఒకటి మిగిలింది.

"దీంతో ఓ తెర కుట్టి ఇస్తా, ఆ మూలకి అడ్డంగా వేలాడదీసుకో," అంది ఆడపడుచు.

"తెర వేస్తే లోపలున్నవాళ్ళు నాకెలా కనబడతారే?"

"ఎప్పుడూ కనబడాలా ఏంటి? మా అన్నయ్య పేపరు చదువుకోడానికి మేడ మీదికి ఎందుకు పోతాడనుకున్నావ్, గాలికా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె గొప్ప విషయం చెప్పాలని చెప్పలేదు. గుడ్డ పారెయ్యడం ఇష్టం లేక అంది, అంతే. టీచరు ఆ గుడ్డతో చేతిసంచీ కుట్టించుకుంది.

చోటు ఎంపిక ఆవిడ తన పాత పద్ధతిలోనే చేసింది. కుర్చీలో కూర్చుని చూసింది. తన బల్లకి ఎదురుగా కిటికీ కింద వెలుతురు బాగుంది, గాలి బాగుంది, తల ఎత్తితే చాలు అన్నీ కనబడతాయి. కింద ఎత్తుపీట, దాని మీద పరుపు, గోడకి మెత్తలు, పిల్లల చేతికి అందేలా రెండు అరలు, గోడకి లేత పసుపు రంగు. బీరువాలోని పుస్తకాలన్నీ కొత్త అట్టలు వేసుకుని అరల్లోకి వచ్చాయి. ఖాళీ అయిన బీరువాని అటెండరు ఇంకొకరి సాయంతో గోడకి తిన్నగా నెట్టేశాడు. ఏళ్ళ తరబడి మూలకి అడ్డంగా ఉన్నది సర్దుకోగానే గది ఎంత పెద్దదైందో అని అందరూ ఆశ్చర్యపోయారు.

ప్రారంభం రోజున హెడ్మాస్టారొచ్చారు, పక్క తరగతులవాళ్ళొచ్చారు. రిబ్బను కత్తిరించడానికి టీచరు చుంచుని పిలిచింది. మన తరగతిలో అందరికంటే ఎక్కువ చదివేది ఈ అమ్మాయే, అందుకే మొదటి దిండు తనది అని చెప్పి చప్పట్లు కొట్టించింది. ఆ పిల్లని దిండు మీద కూర్చోబెట్టి, చేతిలో పుస్తకం పెట్టి ఫొటో తీశారు. ఫొటోలో చుంచు నవ్వుతూనే ఉంది. ఫొటో తీసేవాళ్ళు నవ్వమన్నారు మరి.

ఆ మూల బాగా నడిచింది, అది నిజం. పిల్లలు పోటీపడి కూర్చునేవారు, గట్టిగా చదువుకునేవారు, దిళ్ళతో కొట్టుకునేవారు. చూడ్డానికొచ్చిన అధికారి మెచ్చుకుని, మిగతా బళ్ళవాళ్ళని పంపిస్తానన్నాడు. చుంచు మొదట్లో రోజూ వచ్చి ఆ మొదటి దిండు మీద కూర్చునేది. పుస్తకం తెరిచే ఉండేది. టీచరు తల ఎత్తి చిరునవ్వు నవ్వేది. పిల్ల కూడా తల ఎత్తి నవ్వేది. ఎప్పుడు తల ఎత్తినా ఆ పిల్ల కళ్ళు తన కళ్ళతో కలుస్తున్నాయే, మరి చదివేదెప్పుడు అన్న అనుమానం ఆవిడకి రాలేదు.

కొన్నాళ్ళకి చుంచు విరామంలో గదిలో కనబడ్డం మానేసింది. చూస్తే కుళాయిల దగ్గర, నీళ్ళు తాగే పిల్లల వరసలో నిలబడి ఉండేది. తన వంతు వచ్చాక తాగి, మళ్ళీ వరస చివర్లో నిలబడేది. టీచరు సంతోషించింది. పిల్ల నలుగురిలో పడింది. వాళ్ళమ్మ కనబడితే, మీ అమ్మాయి బాగా మారిందమ్మా, ఆ మూల తన కోసమే చేయించాను, ఇప్పుడు అందరితో కలుస్తోంది అని కూడా చెప్పింది. ఆ తల్లి చేతులు పట్టుకుని, అంతా మీ చలవే అంది.

ఏడాది తిరిగింది. చుంచు పెద్దబడికి వెళ్ళిపోయింది. వానలు మొదలయ్యాయి. గోడకి తిన్నగా ఆనించిన బీరువా వెనక చెమ్మ పైకెక్కి, పెచ్చులూడి, బీరువా వీపంతా తుప్పు పట్టింది. తాపీమేస్త్రీ వచ్చి చూసి, గాలాడక ఇలా అయింది, పాతవాళ్ళు ఏటవాలుగా పెట్టింది ఊరికే కాదు అని బీరువాని ముందుకి లాగించాడు. సిమెంటు కలుపుకురావడానికి అతను బయటికెళ్ళాడు. పిల్లలు మైదానంలో ఉన్నారు. టీచరు ఆ మూలలోకి తొంగి చూసింది.

పెచ్చులూడని పక్క గోడ మీద, నేల నుంచి ఒక పిల్ల కూర్చున్నంత ఎత్తున, సున్నం అరిగి నున్నగా ఉంది. వీపు ఆనిన చోటు. పైన వెంటిలేటరులోంచి వెలుతురు పలక పడ్డట్టు సరిగ్గా అక్కడే పడుతోంది. మూలన, బీరువా నెట్టినప్పుడు నలిగిపోయిన గోనెపట్టా ఒకటి మడతపెట్టి ఉంది, చెమ్మకి బూజు పట్టింది. చీకటీ లేదు, సాలెగూళ్ళూ లేవు. పెచ్చులు రాలినా, ఒకప్పుడు ఎవరో రోజూ తుడుచుకున్న చోటని తెలుస్తూనే ఉంది.

ఆవిడ అటూ ఇటూ చూసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటున్నా, బీరువా ముందుకి జరగడంతో వెడల్పైన ఆ సందులోకి దూరి కూర్చుంది. బయట పిల్లల కేకలు దగ్గరగా వినబడుతున్నాయి. హెడ్మాస్టారు గది ముందు నుంచి వెళుతూ ఎవరితోనో మాట్లాడ్డం వినబడింది. ఆయన లోపలికి తొంగిచూసి, టీచరుగారు లేరే అనుకుంటూ వెళ్ళిపోయాడు. అందరూ ఉన్నారు, ఎవరూ చూడ్డం లేదు. ఆవిడ భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గదుల్లో అలా కూర్చోవడం ఆవిడకి అదే మొదలు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ కాగితం. ఉన్నదే కదమ్మా. నీకేం కావాలో అది వెయ్యి. ఆ పిల్ల వేసింది అదే.

తాపీపని అయ్యాక బీరువాని గోడకి నెట్టబోతున్న అటెండరుని ఆపి, మునుపటిలా అడ్డంగానే పెట్టించింది. గది ఇరుకవుతుందండీ అన్నా వినలేదు. గోనెపట్టా పారేసి, దాని బదులు ఒక చిన్న దిండు తీసుకెళ్ళి వెనక పెట్టింది. కొన్ని పుస్తకాలు మళ్ళీ బీరువాలో సర్దింది. తాళం మరిచిపోవడం మొదలుపెట్టింది. ఎవరూ వెనక్కి వెళ్ళలేదు. ఒకరోజు ఒక గడుగ్గాయి తొంగిచూసి, "ఒరే, ఇక్కడ టీచరుగారి దిండు ఉందిరా" అని అరిచాడు. ఆ తర్వాత పిల్లలెవరూ అటు తొంగి కూడా చూడలేదు. ఆవిడ దిండు తీసేసింది. అయినా ఆ చోటుకి టీచరుగారి చోటని పేరు పడనే పడింది. పదవీ విరమణ రోజు దాకా అది అలా ఖాళీగానే ఉంది.

ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం ముందుగదిలో ఆడపడుచుకి గుండీలు అందిస్తూ కూర్చుంది. వాళ్ళమ్మతో కలిసి చుంచు వచ్చింది. లంగా మడత విప్పి కింద జారవెయ్యాలట. మనిషి బాగా పొడుగైంది. టీచరుని చూసి వెంటనే నిలబడింది.

కూర్చోమ్మా అంది టీచరు. బడి ఎలా ఉందో, ఏ మాస్టారు ఏం చెబుతున్నారో అడిగింది. అన్నిటికీ జవాబు పొందిగ్గా వచ్చింది. తల్లి కొలతల గొడవలో ఉంది.

"కథలు చదువుతున్నావా?"

"ఇప్పుడు లేదు టీచర్. పాఠాలే సరిపోతాయి."

"అక్కడ లైబ్రరీ లేదూ?"

"ఉంది టీచర్. పెద్ద బల్ల ఉంటుంది. అందరూ చుట్టూ కూర్చుంటారు."

టీచరు గుండీల డబ్బా మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "మన గదిలో ఆ కిటికీ కింద మూల... అది నీకు నచ్చలేదు కదూ?"

పిల్ల గాభరాగా తల్లి వైపు చూసింది. "లేదు టీచర్, చాలా బాగుంది. అందరూ బాగుందన్నారు. మీరు నా కోసం చేశారని అమ్మ చెప్పింది."

"ఆ బీరువా అక్కణ్ణుంచి తీయించకుండా ఉండాల్సింది నేను."

చుంచు మొదటిసారి నవ్వు తెచ్చిపెట్టుకోకుండా ఆవిడ ముఖంలోకి చూసింది, ఒక్క క్షణం. అంతలో మిషను ఆగింది, లంగా పని అయిపోయింది. తల్లి బయల్దేరింది.

టీచరు లోపలికెళ్ళి, ఆ పువ్వుల గుడ్డ చేతిసంచీలో ఒక కథల పుస్తకం వేసి తీసుకొచ్చింది. పిల్ల రెండు చేతులా అందుకుంది. మళ్ళీ తెచ్చి ఇస్తాను టీచర్ అంది. ఇవ్వక్కర్లేదమ్మా, నీ దగ్గరే ఉంచుకో అంది ఆవిడ. ఎక్కడ చదువుకుంటావని నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుంది.

వాళ్ళు గుమ్మం దిగారు. ఆ పిల్ల వీధి మలుపు దాకా ఎలా నడుస్తుందో, సంచీ తెరుస్తుందో లేదో చూడాలని ప్రాణం లాగింది. ఆవిడ కిటికీకి వీపు తిప్పి కూర్చుని, గుండీలు రంగుల వారీగా వేరుచెయ్యడం మొదలుపెట్టింది.

"వెళ్ళిపోయారా?" అంది ఆడపడుచు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఏమో, నేను చూళ్ళేదు," అంది టార్చిలైటు టీచరు.