బెల్లపు శీల

ఆ రోజుల్లో ఒకచోట తయారైన వస్తువు ఇంకోచోట తయారైన వస్తువుకు సరిపోయిందంటే అది పూర్వజన్మ సుకృతమే. లాంతరు ఒక అంగడిలో, దాని గాజుబుడ్డి ఇంకో అంగడిలో కొని తెస్తే, ఇంటికొచ్చాక రెండూ ఎడమొహం పెడమొహం. ట్రంకుపెట్టెకు తాళం కొంటే అది కొండీలో దూరేది కాదు. పెళ్లిళ్లూ అంతే. నిజామాబాద్ పట్నంలో చిన్న కిరాణా దుకాణం నడుపుకునే ఇంట్లో పుట్టి, పొయ్యి రాజేయడం కూడా సరిగా రాని పదహారేళ్ల నన్ను, బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య ఉన్న ఊరికి కోడలిగా పంపారు. అది కూడా బెల్లం వండడంలో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్దదిక్కయిన అత్త దగ్గరికి. మేము అత్తాకోడళ్లం కుదరడానికి పట్టిన కాలంతో పోలిస్తే, ఒక ట్రాక్టరూ ఒక నాగలీ కుదరడానికి పట్టిన కాలం తక్కువే. కాని ఆ రెండో కథ చెబితే మొదటిది కూడా కొంత చెప్పినట్టే.

మా అత్త గురించి చెప్పాలంటే కాస్త గొంతు పెంచే చెప్పాలి. గానుగ దగ్గర కడాయి ముందు ఆమె నిలబడితే మగవాళ్లు పక్కకు జరిగేవారు. ఉడుకుతున్న పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "ఇగ దించుండ్రి" అనేది. ఆమె దించమన్నప్పుడు దించిన బెల్లం వానాకాలమంతా ఉన్నా చెమ్మగిల్లేది కాదు. ఆ సంగతి ఊరివాళ్లు చెప్పేదాకా ఆగకుండా ఆమే చెప్పుకునేది (వినయం మా అత్తకు గిట్టని కూర). ఆమెకు మా ఆయన ఒక్కడే కొడుకు. మనిషి మంచివాడు, ఇంజను అంటే ప్రాణం, బెల్లం అంటే అంతకన్నా ప్రాణం. బోధన్‌లో చక్కెర కార్ఖానా లేస్తున్న రోజులవి. మా ఊరి పటేలుకు చెరుకు మీద ఆశ పుట్టి ఎక్కడినుంచో ఒక ట్రాక్టరు తెప్పించాడు. ఇనుప చక్రాలు, చక్రాలకు కోరలు, కిరసనాయిలు తాగి నల్లటి పొగ వదిలేది. కొన్నాళ్లు లారీ మీద క్లీనరుగా తిరిగి వచ్చిన మా ఆయనే దానికి డ్రైవరు. ఊరంతా ఆయన పేరు మరిచిపోయి "ఇంజనోడు" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపుకు ఆయన మీసం దువ్వుకునేవాడు. నేను తలుపు చాటున మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెంలోనే ఆయన ఒక మాట జారాడు. "పటేలా, ట్రాక్టర్ ఉండంగ ఎడ్లెందుకు, దండుగ!" అన్నాడు. పటేలు సరేనని, దున్నడానికి పక్కూరు మోస్రా నుంచి వచ్చిన ఎడ్లనూ మనుషులనూ తిప్పి పంపేశాడు. విత్తనానికి చెరుకు ముక్కలు కూడా కోయించి కొట్టంలో తడి గోనెపట్టాల కింద పెట్టించాడు. పొద్దునా సాయంత్రం వాటి మీద నీళ్లు చల్లడం నా పని. అంతా అయ్యాక బొంబాయి నుంచి రెండు కర్రుల ఇనుప నాగలి వచ్చింది. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించబోతే అప్పుడు తెలిసింది, ట్రాక్టరుది ఒక దేశం, నాగలిది ఇంకో దేశం అని. ట్రాక్టరు వెనక ఇనుప పట్టీకి ఒక పెద్ద బెజ్జం, నాగలి ముందు నాలుకకు ఒక చిన్న బెజ్జం. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పైనుంచి శీల దించితే చాలు, పని అయిపోవాలి. ట్రాక్టరుతో వచ్చిన శీల నాగలిలో దూరదు. సన్నటి శీల వేస్తే ట్రాక్టరు బెజ్జంలో బావిలో బిందెలా ఊగుతుంది. మా కమ్మరి సన్నటి శీలే ఒకటి చేసిచ్చాడు. ట్రాక్టరు ఒక్క గుంజు గుంజగానే అది జంతికలా మెలిదిరిగింది.

పటేలు మంచివాడే గాని ఓపిక తక్కువ. "ఏమ్రా ఇంజనోడా, ఎడ్లను పంపియ్యమన్నది నువ్వు. ముక్కలు ఎండితే ఏం జేద్దాం? ఈ వారంల భూమి దున్నకపోతే గీ ఇనుప దున్నపోతును అమ్మిపారేస్త!" అన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా, "ట్రాక్టర్ పోతే నేనీ ఊర్లె తలెత్తుకొని తిరుగలేనవ్వా. బొంబాయి పోయి మిల్లుల పని జూసుకుంట" అన్నాడు. బొంబాయి పోయినవాళ్లు పండగకు ఒకసారి వస్తే గొప్ప, కొందరు ఆ ఒక్కసారి కూడా రారు. మా అత్త మాత్రం చారు పోస్తూ, "పోతే పో బిడ్డా. బొంబాయి ఏమన్న లంకనా? నీ కాళ్లకు నేనేమన్న తాళ్లేసిన్నా?" అంది. ఎంత రాతిగుండె మనిషి అనుకున్నాను. ఆ రోజు గోనెపట్టాల మీద నేను చల్లిన నీళ్లలో సగం నా కన్నీళ్లే.

కమ్మరి శీల వంగాక మా ఆయన పట్నం పోయి, స్టేషను దారిలో ఇనుము చెక్కే మరయంత్రం పెట్టుకున్న ఖరాదు మేస్త్రిని కలిశాడు. "పైన లావు, కింద సన్నం ఉండేటట్టు గట్టి ఉక్కుతోని చేసిస్త. రెండు బెజ్జాల కొలత పట్కరా" అన్నాడట మేస్త్రి. ఊళ్లో కొలత పనిముట్టు ఎవరి దగ్గరుంది? ట్రాక్టరును పట్నం తోలుకుపోదామంటే దాని కోరలకు సర్కారు సడక్ చిరిగిపోతుందని పటేలు వద్దన్నాడు. కొత్త నాగలిని విప్పనివ్వనని కూడా అన్నాడు. అందుకని మా ఆయన తన చేతినే కొలబద్ద చేసుకున్నాడు. పెద్ద బెజ్జానికి రెండు వేళ్లు కలిపి చూశాడు. బాగానే ఉంది. చిన్న బెజ్జంలో బొటనవేలు పెట్టాడు. సరిగ్గా సరిపోయింది, ఎంత సరిపోయిందంటే ఇక రాలేదు. నాగలి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషి చుట్టూ ఊరంతా చేరింది. ఆముదం పోసి, నేను పట్టి, ఇంకో ఇద్దరు పట్టి లాగితే వేలు వచ్చింది గాని వంకాయలా వాచింది. ఆ వాచిన వేలితోనే బస్సెక్కి పోయి మేస్త్రికి కొలత ఇచ్చి వచ్చాడు మా ఆయన. శీల ఎలా వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ శీలను చేతిలో పట్టుకుని ఆయన గానుగ దగ్గర కూలబడ్డాడు. అత్త కడాయి కలుపుతూనే, "ఏందిరా, బెజ్జం కొలత దొరుకుత లేదా?" అంది.

"దొరుకుత లేదవ్వా."

"బెల్లం అచ్చుల పోస్తే అచ్చు ఎట్లుంటె గట్లనే వస్తది గద. నీ బెజ్జం గూడ అచ్చే గదరా!"

మా ఆయన నోరు తెరిచాడు. నేను పొయ్యిలోకి తోస్తున్న చెరుకు పిప్పి వదిలేశాను. మా అత్త అప్పటికే అరవడం మొదలుపెట్టింది. ట్రాక్టరును గానుగ దగ్గరికి తెప్పించింది, పదిమందితో నాగలిని ఈడ్పించింది, కింద నాగలి నాలుక, పైన ట్రాక్టరు పట్టీ సరిగ్గా కలిపి పెట్టించింది. బెజ్జాల లోపల ఆముదం రాసి, అడుగున మోదుగాకు పెట్టి బంకమట్టితో మూసింది. పటేలు పరుగున వచ్చి, "ఓ అవ్వా, కొత్త బండికి బెల్లం పూస్తున్నవా?" అన్నాడు. "లగ్గానికి ముందు నోరు తీపి చెయ్యాలె గద పటేలా!" అని, కడాయిలోంచి ముదురు పాకం తెచ్చి అందులో పోసింది. చల్లారాక కింద నుంచి కట్టెతో మెల్లగా తట్టితే, పైన లావుగా కింద సన్నగా, బంగారం రంగులో బెల్లపు శీల బయటికొచ్చింది. దారిలో ఒకటి పోయినా ఒకటి ఉండాలని ఇంకొకటి కూడా పోసింది. ఎన్నో ఏళ్లుగా పెద్ద పెద్ద తెలివిగల వాళ్లను చూస్తూనే ఉన్నాను. కాని ఆ రోజు ఆమె నడుముకు కొంగు బిగించి, చెమట తుడుచుకుంటూ ఆ శీలను వెలుతురుకు పట్టి చూసుకున్నప్పుడు అనిపించినంత గొప్పగా నాకు ఇంకెవరూ అనిపించలేదు.

శీలలు పట్నం చేర్చే పని నాకు పడింది. "గీని చేతికి బెల్లమిచ్చుడంటే పిల్లికి పాలు అప్పజెప్పుడే. నువ్వు పట్టుకో పిల్లా, వాడు తొవ్వ జూపుతడు" అంది అత్త. రెండింటినీ మోదుగాకులో చుట్టి మూట కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కన మా ఆయన, మూట వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు (అది ఎంత కష్టమైన పనో ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది). పట్నం పొలిమేరలో సరుకులు తనిఖీ చేసే నాకా దగ్గర బస్సు ఆగింది. ఒక జవాను ఎక్కి ఒక్కొక్క మూటా చూస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"గీ మూటలేమున్నదమ్మా?"

"ట్రాక్టర్ సీల" అన్నాను, ఉన్నమాటే కదా అని.

విప్పి చూసి బస్సంతా వినేలా నవ్వాడు. "గిది బెల్లం గదమ్మా! ట్రాక్టర్ గూడ బెల్లం తింటదా?" తర్వాత అనుమానం వచ్చినట్టుంది, లోపల నల్లమందు దాచామేమోనని ఒకదాన్ని పటుక్కున విరిచాడు. బెల్లం తప్ప ఏమీ లేదు. "మాఫ్ చెయ్యమ్మా" అని రెండు ముక్కలూ చేతిలో పెట్టి, వేలు నాకి, "బెల్లం మాత్రం మస్తుగున్నది" అని దిగిపోయాడు. (తర్వాత ఇదంతా చెబితే, విరిచినందుకు మా అత్తకు కోపం రాలేదు. "మస్తుగున్నదన్నడా? ఇంకేమన్నడు?" అని రెండుసార్లు అడిగింది.) మిగిలిన ఒక్కదాన్నైనా కాపాడుకోవాలని నేను దాన్ని తీసి రొండిన దోపుకుని, పైన చేయి అదిమి కూర్చున్నాను. అంత తెలివి నాది. మేస్త్రి దుకాణంలో తీసి చూస్తే, ఒంటి వేడికి అది అరటికాయలా వంగి ఉంది.

మేస్త్రి ఆ మూడు ముక్కలూ చూసి స్టూలు మీద కూర్చుని నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ముక్కలతో పాటు మా ఆయన కూడా బొంబాయి రైలెక్కేసినట్టే అనిపించింది. అప్పుడు ఆయన వాచిన బొటనవేలితోనే విరిగిన ముక్కలు తీసుకుని మేస్త్రి ముందు పెట్టాడు. "అన్నా, విరిగితే లావు తగ్గుతదా? గీ ముక్కల లావు లావే ఉన్నది, సన్నం సన్నమే ఉన్నది. వంగినదానికి దారం బెట్టి పొడుగు జూడు" అన్నాడు. మేస్త్రి నవ్వు ఆపాడు. "శబ్బాష్ తమ్మీ!" అని కొలతలు తీసుకుని, మధ్యాహ్నం దాటేలోపే ఉక్కు శీల చెక్కి మా చేతిలో పెట్టాడు. చల్లారినప్పుడు బెల్లం వెంట్రుకవాసి ముడుచుకుంటుందనీ, శీల దిగడానికి సరిగ్గా అంత సందే కావాలనీ కూడా మేస్త్రే చెప్పాడు. ఇంటికి వచ్చి ఆ మాట అత్తకు చెబితే, "నాకెర్కలేదా? ఎర్కయ్యే పోసిన!" అంది. (ఎరుక లేదని నాకు బాగా ఎరుక.) నా మొగుడిని బెల్లం దొంగ అనుకుని పోయినదాన్ని, తిరుగు బస్సులో మాత్రం ఆయన వాచిన వేలి వైపే దొంగచూపులు చూస్తూ కూర్చున్నాను. బస్సెక్కే ముందు మా పుట్టింటి గల్లీ మొదటి దాకా పోయి, బస్సు దాటిపోతుందని అక్కడి నుంచే తిరిగి వచ్చాం. మా బాపు కిరాణా దుకాణం అక్కడికే కనిపిస్తోంది. నిలబడి చూశాను గాని లోపలికి పోలేదు, ముక్కలకు సాయంత్రం నీళ్లు చల్లే వేళ అవుతోందని. పుట్టింటి గల్లీ దాకా పోయి తిరిగి వచ్చింది నేనేనా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

మర్నాడు పొద్దున పొలంలో ఊరు ఊరంతా ఉంది. మా ఆయన శీల దించాడు. అది పైన ఆగకుండా, కింద ఊగకుండా "టక్కు"న కూర్చుంది. హ్యాండిల్ తిప్పితే ట్రాక్టరు దగ్గి, పొగ వదిలి, ముందుకు కదిలింది. శీల వంగలేదు. కర్రులు నేలలోకి దిగాయి, నల్లమట్టి రెండు వైపులా దొంతరగా తిరగబడింది. పటేలు తలగుడ్డ తీసి ఊపాడు. పిల్లలు కేకలు వేస్తూ చాళ్లలో పడి పరుగెత్తారు. ఆడవాళ్లు చెరుకు ముక్కల గంపలు ఎత్తుకున్నారు. అందరూ ట్రాక్టరును చూస్తుంటే నేను దాని మీద కూర్చున్న మనిషిని చూశాను. ఇప్పుడు మా అత్త ఎన్ని గొప్పలు చెప్పుకుంటుందో విందామని నవ్వుతూ అటు తిరిగాను.

ఆమె గట్టు మీద ఒక్కతే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను దగ్గరికి పోగానే, పొగలో మసకగా కనిపిస్తున్న కొడుకు మీంచి చూపు తిప్పకుండా, నా ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"ఇగ బొంబాయి పోడు గదనే?" అని మెల్లగా అడిగింది.

"పోడత్తా" అన్నాను.

ఆ పదహారేళ్ల పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నాకు నవ్వు వస్తుంది, ముద్దు కూడా వస్తుంది. ఆయన ఊరు విడిచి పోతాడన్న భయం ఆ ఇంట్లో తన ఒక్కదానికే ఉందనుకుని అన్ని రోజులూ మూలమూలన దాక్కుని ఏడ్చింది, పిచ్చిది. ఆయనను కన్న మనిషి అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర కూర్చుని ఉందని దానికి తట్టనే లేదు.